మట్టి కింది మంచుగడ్డ గారికి ఒక పింఛను గుమాస్తా విన్నపం

మహారాజశ్రీ బీకన్ లోయ మంచుగడ్డ గారి సముఖానికి, ట్రెజరీలో ముప్పై ఏళ్లు ఇతరుల పింఛను కాగితాలు తిరగేసి, ఈ మధ్యే తానూ ఆ వరుసలో నిలబడిన గుమాస్తా రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆచారం. అయితే మీరు కుశలంగా ఉండడానికి వీలుందా అన్నదే ఇక్కడి వివాదం గనుక, ఆ మాటను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

దస్త్రం ప్రకారం మీ నివాసం తూర్పు అంటార్కిటికాలో, మెక్‌మర్డో డ్రై వ్యాలీస్ అనే ఎండు లోయల ప్రాంతంలో, క్వార్టర్‌మెయిన్ పర్వతాల నడుమ ఉంది. అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు 22 డిగ్రీలు దిగువన ఉంటుంది. పడే కాస్త మంచును కూడా పీఠభూమి మీంచి దూకే పొడిగాలి నాకేస్తుంది. ఒకప్పుడు మీరు దర్జాగా కదిలిన హిమానీనదమని, ఇప్పుడు అర మీటరు అటూ ఇటూ మందం ఉన్న రాళ్లూ ఇసుకా కప్పుకుని పడుకున్నారని, వయసు కనీసం 81 లక్షల ఏళ్లని మీ తరఫువారు రాశారు. మా ఆఫీసులో పింఛనుదారుకు తొంభై దాటితేనే, బతికి ఉన్నట్టు ఇచ్చిన పత్రాన్ని వెలుతురులో పెట్టి రెండుసార్లు చూస్తాం.

పైగా ఆ వయసు పత్రం మీ పేరున లేదు. 1995లో శాస్త్రవేత్త డేవిడ్ సగ్డెన్ బృందం ‘నేచర్’ విజ్ఞాన పత్రికలో ప్రకటించినది మీ మీద పడిన అగ్నిపర్వత బూడిద వయసు. ఆ బూడిదలోని స్ఫటికాలలో ఏళ్ల తరబడి పోగుపడిన ఆర్గాన్ వాయువును కొలిచి 81 లక్షలన్నారు. బూడిద పైన ఉంది గనుక, కిందనున్న మీరు అంతకంటే పెద్దవారని వాదన. ఇది పైవాటాలో అద్దెకున్నవాడి కరెంటు బిల్లు చూపించి కింది వాటా ఎప్పుడు కట్టారో రుజువు చేయడం లాంటిది. అద్దెదారు మొదటి నుంచీ ఆ గదిలోనే ఉన్నాడంటే నాకు అభ్యంతరం లేదు. కానీ మీ ఇంటి పైకప్పు సంగతి నాకు తెలుసు. చలికి నేల ముడుచుకుని నెర్రెలిస్తుంది, నెర్రెల్లోకి ఇసుక జారుతుంది, ఏళ్ల తరబడి ఇదే జరిగి లోయంతా బహుభుజుల గళ్లుగా విడిపోయి ఉంటుంది. అలాంటి చోట పడిన బూడిద పడినచోటే ఉందని ప్రమాణం చేయడానికి ఎవరికైనా గుండె ధైర్యం కావాలి.

అంతకంటే పెద్ద చిక్కు లెక్కల్లో వచ్చింది. మా బీరువాలో చీరల మధ్య పెట్టే కలరా ఉండలు ఎవరూ ముట్టకుండానే, తడి కాకుండానే, ఆర్నెల్లకు శనగగింజంత అవుతాయి. గట్టి పదార్థం కరగకుండా నేరుగా ఆవిరైపోయే ఆ ఉత్పతనమే మీకూ ఉన్న జబ్బు. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతే పోతుందనుకున్నా, 81 లక్షల ఏళ్లకు 810 మీటర్లు ఖర్చు రాయాలి. అంత మూలధనం ఎక్కడిదని 1998లో రిచర్డ్ హిండ్‌మార్ష్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు అభ్యంతరం పెట్టారు. ఆడిట్‌వారి భాషలో చెప్పాలంటే, మీరు చనిపోయి చాలాకాలమైంది, పింఛను మాత్రం వెళుతోంది.

ఇంతవరకూ చదివి నేను మీకు వ్యతిరేకినని అనుకోకండి. మీ పిసినారితనం మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివారిని మా వీధిలోనే చూశాను గాని, ఒక్కొక్క ఆవిరి అణువునూ రాళ్ల సందుల్లో తిప్పి తిప్పి పంపేవారిని చూడలేదు. మా చిన్నప్పుడు సోడా కొట్టులో ఐసుగడ్డను ఊకలో పూడ్చి గోనెపట్టా కప్పేవారు. సాయంత్రానికి గోనె కింద నీళ్ల మడుగు మిగిలేది. ఆ ఊక పని వేడిని ఆపడం వరకే. మీ కప్పు వేడినీ ఆపుతుంది, ఆవిరికీ అడ్డుపడుతుంది. మందం రెట్టింపైతే ఆవిరి పోయే వేగం సుమారు సగమవుతుంది.

చలి మీకు చేసిన మేలు కూడా తక్కువది కాదు. సున్నా డిగ్రీల దగ్గర మంచు పైన ఆవిరి ఒత్తిడి 611 పాస్కల్స్ అయితే, సున్నాకు 20 డిగ్రీలు దిగువన అది దాదాపు 103కు పడిపోతుంది, అంటే ఆరో వంతు. అందువల్ల మీ కొంప ముంచగలిగేవి ఏడాది మొత్తంలో వేసవి నాటి కొన్ని వెచ్చటి రోజులే. ఎండకు పైరాళ్లు సున్నా దాటి వేడెక్కినా, ఆ వేడి అర మీటరు దిగేసరికి నీరసించిపోతుంది. ఒక్కోసారి కొంత ఆవిరి పైనుంచి కిందికే వచ్చి చేరుతుంది. ఈ పైసంపాదనను మీరు ఏ ఫారంలోనూ చూపలేదు.

అన్నిటికంటే నన్ను ముచ్చటపరచింది మీ కప్పు వచ్చిన తీరు. మీరు మొదటి నుంచీ కల్తీ సరుకు, లోపల రాయీ రప్పా కలిసిన మంచు. పైపొర ఆవిరైనప్పుడల్లా అందులోని రాళ్లు ఎక్కడికీ పోలేక మీ మీదే మిగిలిపోయాయి. పోయిన కొద్దీ దుప్పటి మందమైంది, దుప్పటి మందమైన కొద్దీ పోవడం తగ్గింది. నష్టం నుంచే నష్టానికి అడ్డుకట్ట కట్టుకున్న ఖాతాదారును నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. శుద్ధమైన మంచై ఉంటే మీరు ఎప్పుడో గాలిలో కలిసిపోయేవారు.

మీ లోయలో, పక్కనున్న మల్లిన్స్ లోయలో తీసిన మంచులో సూక్ష్మజీవుల డీఎన్ఏ దొరికిందని 2007లో ప్రకటించారు. అది ప్రతి 11 లక్షల ఏళ్లకూ సగానికి తరుగుతుందని లెక్క వేశారు. అంటే మీ దగ్గర దాచుకున్న సరుకు కూడా మీకంటే తొందరగా చెడిపోతోంది.

మా దేశం వాళ్లు మీ ఖండానికే ఇంకో వైపున 1983లో దక్షిణ గంగోత్రి పరిశోధన కేంద్రం కట్టుకున్నారు. 1990 నాటికి దాన్ని మంచు మింగేసి వదిలివేయవలసి వచ్చింది. అక్కడ మంచు కింద మేము, ఇక్కడ మట్టి కింద మీరు. ఈ పోలిక ఆఫీసు పనికి పనికిరాదు, ఊరికే రాశాను.

ఇక నిబంధన విషయం. పింఛనుదారు ఏడాదికోసారి స్వయంగా ముఖం చూపించాలి. మిమ్మల్ని కూడా ఒకసారి పైకి రమ్మని నోటీసు తయారుచేశాను. ఇంతలో అంగారకుడి మీది మీ బంధువు దస్త్రం కంటబడింది. 2008 జూన్‌లో ఫీనిక్స్ అనే యంత్రం అక్కడ కొన్ని సెంటీమీటర్ల మట్టి తవ్వగానే, గోతిలో పాచికలంత తెల్లటి ముక్కలు కొన్ని బయటపడ్డాయి. నాలుగు రోజుల తరువాత తీసిన ఫొటోలో అవి లేవు. మంచు గనుకనే మాయమయ్యాయని తేల్చారు. ముఖం చూపించడమే వారి మరణ ధ్రువీకరణ పత్రమైంది.

కావున స్వయంగా హాజరు కావాలన్న నిబంధన నుంచి మిమ్మల్ని మినహాయించవలసిందిగా పైవారికి సిఫారసు చేస్తూ, నోటీసు చించివేశానని మనవి.

ఇట్లు,
విధేయుడు

జతపరచినది: బూడిద వయసు పత్రం, నకలు ఒకటి.