ఆకాశరామన్నకు జవాబు చెప్పేదెవరు?

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో బాలల హక్కుల గురించి మాట్లాడమంటే వెళ్లాను. వరండాలో, ప్రధానోపాధ్యాయుడి గది గుమ్మం పక్కనే, ఆకుపచ్చ రంగు వేసిన రేకు డబ్బా ఒకటి మేకుకు వేలాడుతోంది. దాని మీద తెల్లరంగుతో 'ఫిర్యాదుల పెట్టె' అని రాశారు. తాళం తుప్పు పట్టి ఉంది. తెరిచి చూపించమంటే ఆయన తన బల్ల సొరుగులో కాసేపు వెతికి తాళంచెవి తీశారు. లోపల చాక్లెట్ కాగితాలు, విరిగిన పెన్ను మూత, నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం ఉన్నాయి. 'మూత్రశాల దగ్గర పదో తరగతి వాళ్లు డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వకపోతే కొడుతున్నారు' అని ఆ కాగితంలో రెండే వాక్యాలు. అక్షరాలు వంకరటింకరగా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కుడిచేతి వాటం పిల్లవాడెవరో ఎడమచేత్తో రాశాడని చూస్తేనే తెలుస్తోంది. హెచ్ఎం గారు కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఏ చేత్తో రాసినా 'డ'ను ఇలా మెలితిప్పేది ఎనిమిదో తరగతిలో ఒక్కడే" అన్నారు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. పొడుపుకథ విప్పిన సంతోషం ఉంది.

కాగితంలో ఉన్న సంగతి ఆ కాసేపూ గదిలో ఎవరికీ పట్టలేదు, నాకు కూడా. రాసిందెవరన్నదే ముచ్చట అయిపోయింది.

పేరు లేకుండా వచ్చే ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ఆ మాటలోనే కొంత వెటకారం, కొంత అసహ్యం కలిసి ఉంటాయి. గిట్టనివాడి పని, ధైర్యం లేనివాడి పని అని దాని అర్థం. ప్రమోషన్ల జాబితా బయటికి రాబోయే ముందు ఆఫీసులకు వచ్చిపడే ఉత్తరాలు చూసినవారికి ఈ అసహ్యం ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పనక్కర్లేదు. నిజాయితీగా పనిచేసే అధికారులను ఇలాంటి ఉత్తరాలతో వేధిస్తున్నారని, పేరూ ఊరూ లేని ఫిర్యాదుల మీద చర్యలేవీ తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు తేదీ 1999 జూన్ 29.

దానికి రెండు నెలల పైచిలుకు ముందు, ఏప్రిల్ 20న, అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లలను, ఒక ఉపాధ్యాయుడిని కాల్చి చంపారు. ఆ రాష్ట్ర గవర్నర్ నియమించిన కమిషన్ 2001లో నివేదిక ఇచ్చింది. పిల్లలు పేరు చెప్పకుండా సమాచారం ఇచ్చే ఏర్పాటు ఉండాలన్నది దాని సిఫారసుల్లో ఒకటి. ఒకే ఏడాది ఒకచోట ఆకాశరామన్నకు తలుపు మూసేశారు, ఇంకోచోట తలుపు తెరవక తప్పని పరిస్థితి వచ్చింది. రెండూ సమంజసమే. ఆఫీసులో ఆకాశరామన్న పెద్దవాడు, అతనికి వేరే దారులున్నాయి. బడిలో ఆకాశరామన్నకు పన్నెండేళ్లు, మర్నాడు అదే బెంచీలో కూర్చోవాలి.

పిల్లలకే ఎందుకు ముందు తెలుస్తుంది? అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 2002లో ఒక అధ్యయనం ప్రకటించాయి. అప్పటికి పాతికేళ్లుగా బడుల్లో జరిగిన 37 దాడులను, వాటికి పాల్పడిన 41 మందిని పరిశీలించారు. వాటిలో 81 శాతం దాడుల్లో కనీసం ఒకరికి విషయం ముందే తెలుసు. ఆ తెలిసినవారు దాదాపు అందరూ తోటి విద్యార్థులో, స్నేహితులో, అన్నదమ్ములో. చెప్పనివ్వకుండా వారి నోరు కట్టేసింది చట్టం కాదు, 'చాడీకోరు' అన్న ఒక్క మాట. ఏ దేశపు బడిలోనైనా ఈ మాటకు సమానమైన మాట ఉంటుంది, దాన్ని మించిన తిట్టు ఆ వయసులో ఉండదు.

పిల్లలు పేరు చెప్పకుండా సమాచారం ఇచ్చేందుకు కొలరాడోలో 2004లో మొదలైన సేఫ్‌టుటెల్ ఈ ముడిని ఎలా విప్పిందో కాస్త నిదానంగా చూడాలి. పిల్లలు ఫోను చేయవచ్చు, వెబ్‌సైటులో రాయవచ్చు, యాప్‌లో పంపవచ్చు. అయితే ఆ ఫోను బడిలో మోగదు. రాత్రీపగలూ పనిచేసే రాష్ట్రస్థాయి కేంద్రంలో శిక్షణ పొందిన సిబ్బంది అందుకుంటారు. పేరు అడగరు. చెప్పినవారి ఆచూకీ బయటపడకుండా చట్టం అడ్డుగా ఉంది. యాప్‌లో రాసినవారితో, వారెవరో తెలియకుండానే, తిరిగి మాట్లాడవచ్చు. 'తుపాకీ నువ్వు కళ్లారా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా?' లాంటి ప్రశ్న అడగవచ్చు. మన రేకు డబ్బాలో పడిన కాగితాన్ని ఎవరూ ఏమీ తిరిగి అడగలేరు. అందిన సమాచారం బడికీ, స్థానిక పోలీసులకూ వెళుతుంది. కాబట్టి బడి దాన్ని సొరుగులో పడేసి ఊరుకోవడం కుదరదు. ఏం చేశారో తిరిగి నివేదిక పంపాలి కూడా. 2014లో ఈ వ్యవస్థను రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం కిందికి తెచ్చారు. పేరు దాచడం ఇందులో చిన్న భాగమే. వినేవాడు బడి బయట ఉండటం, విన్నవాడు లెక్క చెప్పవలసి రావడం, ఈ రెండింటి మీదే మొత్తం నిలబడింది.

తుపాకుల భయంతో కట్టిన ఈ వ్యవస్థకు ఏటేటా ఎక్కువగా వస్తున్న సమాచారం మాత్రం తుపాకుల గురించి కాదు. 'నా స్నేహితురాలు చచ్చిపోతానంటోంది' అన్నది ఆ జాబితాలో పై వరుసల్లో ఉంటోంది. అర్ధరాత్రి ఎవరికి చెప్పాలో తోచని పిల్లలు ఆ నంబరును వెతుక్కున్నారు. కట్టినవాళ్లు ఊహించని ఉపయోగం ఇది. నన్నడిగితే దాని అసలు ఉపయోగం ఇదే.

ఇక వైఫల్యాలు. అదే కొలరాడోలో 2013 డిసెంబరులో అరాపహో హైస్కూలులో ఒక విద్యార్థి తోటి బాలికను కాల్చి చంపాడు. ఉపాధ్యాయుడొకరిని చంపుతానని అతను మూడు నెలల ముందే బెదిరించాడు. సేఫ్‌టుటెల్ అప్పటికి తొమ్మిదేళ్లుగా ఉంది. దానికి ఒక్క కబురూ వెళ్లలేదు. ఆ నంబరు సంగతి పిల్లలకు సరిగ్గా నేర్పనేలేదని తర్వాత జరిగిన సమీక్ష తేల్చింది. గోడ మీద నంబరు రాయడం వేరు, నేర్పడం వేరు.

2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో ఒక హైస్కూలులో జరిగిన కాల్పుల్లో 17 మంది చనిపోయారు. ఆ దుండగుడు బడిలో కాల్పులు జరపవచ్చని జనవరి 5న ఒకరు అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఫోను చేసి మరీ చెప్పారు. ఆ సమాచారం ఆ ప్రాంతం చూసే తమ మయామీ కార్యాలయానికి చేరనే లేదని ఎఫ్‌బీఐ ఒప్పుకుంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా వెంటాడేది జార్జియా రాష్ట్రం సంగతి. 2023 మే నెలలో, బడి మీద కాల్పులు జరుపుతానని ఇంటర్నెట్‌లో ఎవరో రాస్తున్నారంటూ ఎఫ్‌బీఐకి పేరు లేని కబుర్లు అందాయి. ఈసారి కబురు ఎక్కడా ఆగలేదు. స్థానిక షెరీఫ్ సిబ్బంది ఇంటికి వెళ్లారు. పదమూడేళ్ల కుర్రాడు నేను కాదన్నాడు. వేట తుపాకులు ఇంట్లో ఉన్నాయి గాని పిల్లవాడికి అందనివ్వనని తండ్రి చెప్పాడు. అరెస్టు చేయడానికి ఆధారాలు చాలలేదు. కనిపెట్టి ఉండమని ఆ ప్రాంతపు బడులకు చెప్పి వదిలేశారు. ఆ క్రిస్మస్‌కు తండ్రి కొడుక్కి రైఫిల్ కానుకగా ఇచ్చాడని దర్యాప్తులో తేలింది. తర్వాత కుర్రాడు పక్క కౌంటీలోని అపలాచీ హైస్కూలులో చేరాడు. 2024 సెప్టెంబరు 4న అక్కడ ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు కాల్పుల్లో చనిపోయారు. తండ్రి మీద కూడా హత్య కేసు పెట్టారు. ఆకాశరామన్న చెప్పాడు, విన్నవారున్నారు, వెళ్లి అడిగినవారూ ఉన్నారు. ఆ మర్నాటి నుంచి పదహారు నెలలపాటు ఆ పిల్లవాడిని గమనించే పని ఎవరిదన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. పగబట్టి పంపే తప్పుడు కబురు ఒక పిల్లవాడి ఇంటి ముందుకు అర్ధరాత్రి పోలీసులను తెస్తుంది. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఈ సంగతి ముందుగానే తెలుసుకోవాలి. పెన్సిల్వేనియాలో 2019 నుంచి సేఫ్‌టుసే, మిచిగన్‌లో అంతకుముందు నుంచే ఓకేటుసే, ఇలా చాలా రాష్ట్రాల్లో ఈ వ్యవస్థలు ఉన్నాయి. గ్రూపు చాటింగులో పిల్లవాడు పెట్టిన ఒక పిచ్చి మాటను ఇంకో పిల్లవాడు యాప్‌లో పంపితే, 'మావాడు తమాషాకు అన్నాడండీ' అన్న మన జవాబు అక్కడ చెల్లదు. అయినా కొలరాడో ఏటా ప్రకటించే లెక్కల్లో కావాలని పంపిన అబద్ధాలు కొద్ది శాతమే. పిల్లలు మనం అనుకున్నంత అల్లరివాళ్లు కారు.

తప్పుడు ఫిర్యాదుల మాట రాగానే మన దగ్గర బాంబు బెదిరింపులు గుర్తు చేస్తారు. 2024 మే 1న ఢిల్లీ చుట్టుపక్కల వందకు పైగా బడులకు ఒకేరోజు ఉత్తుత్తి బెదిరింపు ఈ-మెయిళ్లు వచ్చిన మాట నిజమే. కానీ అవి బెదిరింపులు, ఫిర్యాదులు కావు. పేరు దాచుకుని భయపెట్టేవాడినీ, భయపడి పేరు దాచుకునేవాడినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

మన బడుల్లో ప్రమాదం తుపాకీ రూపంలో రావడం అరుదు. డ్రైవరు, వార్డెను, సీనియరు, ఉరితాడు, ఈ రూపాల్లో వస్తుంది. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల పాప మీద అత్యాచారం జరిగిందన్న వార్తకు నగరం అట్టుడికింది. నిందితుడు ప్రిన్సిపాల్ గారి కారు డ్రైవరు. ఆరు నెలల్లో అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. నిర్లక్ష్యం ఆరోపణ మీద ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేశారు. ఆ బడిలో ఏ ఆయాకో, పెద్ద తరగతి పిల్లకో ముందే అనుమానం వచ్చిందనుకుందాం. ఎవరి గది ముందు పెట్టెలో కాగితం వేస్తుంది?

చట్టం పుస్తకంలో మనం వెనకబడి లేము. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని, జరగవచ్చని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష ఉంటుంది. పిల్లలు ఇచ్చిన సమాచారం తప్పని తేలినా వారికి శిక్ష లేదు. 2016 నుంచి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే పోక్సో ఈ-బాక్స్ ఉంది. పిల్లల సహాయానికి 1098 ఫోను నంబరు ఉంది. 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వేధింపులు, ర్యాగింగ్ లాంటివి గోప్యంగా చెప్పుకునే ఏర్పాటు ప్రతి సంస్థలో ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ తీర్పుకు మూలమైన కేసు మన విశాఖపట్నానిదే. నీట్ శిక్షణ కోసం పశ్చిమబెంగాల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి, దర్యాప్తు సరిగ్గా జరగలేదని అంతదాకా వెళ్లారు.

ఇన్ని ఉన్నా, 1098 అని గోడ మీద పెద్ద అంకెల్లో రాసిన చాలా హాస్టళ్లలో పిల్లల చేతిలో ఫోను ఉండదు. ఉన్న ఒక్క ఫోను వార్డెన్ గదిలో ఉంటుంది. ఆదివారం ఇంటికి మాట్లాడేటప్పుడు వెనక వరుసలో పదిమంది, పక్కన వార్డెన్ నిలబడి ఉంటారు. 'బాగున్నావా నాన్నా' అంటే 'బాగున్నానమ్మా' అనడానికి తప్ప ఆ ఫోను దేనికీ పనికిరాదు. గోప్యమైన ఏర్పాటు అంటే ఇంకో రేకు డబ్బా అని మన యాజమాన్యాలు అర్థం చేసుకుంటాయేమోనని నా భయం. డబ్బాకు ఖర్చు తక్కువ, తనిఖీకి వచ్చినవారికి చూపించడం తేలిక.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. హాస్టల్లో వార్డెన్ కంటబడకుండా 1098కి ఉచితంగా మాట్లాడగల ఒక ఫోను. పెట్టె తాళంచెవి బడిలో కాక జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉండటం. పెట్టెను వారానికోసారి బయటివాళ్లు వచ్చి తెరవడం, ఎన్ని కాగితాలు వచ్చాయో, ఏం చేశారో నోటీసు బోర్డు మీద రాయడం. రాసిన పిల్లవాడు ఆ బోర్డు ముందు నిలబడి, తన కాగితానికి జవాబు వచ్చిందని తనొక్కడే గుర్తుపట్టాలి.

ఆ జిల్లా పరిషత్ బడికి మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను. డబ్బాకు కొత్తగా రంగు వేశారు, తాళం కూడా మార్చారు. ఎనిమిదో తరగతి వాడిని అప్పుడే పిలిపించి, 'ఏదైనా ఉంటే నాతో నేరుగా చెప్పాలి గాని ఇలా దొంగచాటుగా రాయకూడదు' అని ప్రేమగానే మందలించానని హెచ్ఎం గారు చెప్పారు. పిల్లవాడు టీసీ తీసుకుని వేరే బడికి వెళ్లిపోయాడట. పెట్టె తెరిచి చూపించారు. ఈసారి చాక్లెట్ కాగితాలు కూడా లేవు. "చూశారుగా, ఒక్క ఫిర్యాదూ లేదు" అన్నారాయన తాళం వేస్తూ.