పావుగంట ఎవరిస్తారు?

పోయిన సెమిస్టరులో ఒక విద్యార్థిని నా గదికి వచ్చి బల్ల మీద నోటుపుస్తకం పెట్టింది. నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు, అంచుల్లో ఇరికించిన వాక్యాలు. ఆమె వ్యాసం యంత్రం రాసినదని మేము వాడే సాఫ్ట్‌వేర్ తేల్చింది. "నేనే రాశాను సార్, ఇవి చిత్తుప్రతులు" అంటుంటే గొంతు వణికింది. మూడో పేరాలో వాదన ఎందుకు మార్చావని అడిగాను. మొదట రాసినది ఎక్కడ నిలబడలేదో వేలు పెట్టి చూపించింది. పావుగంటలో నా అనుమానం తీరిపోయింది. ఆ పావుగంట సెమిస్టరు మొదట్లోనే ఆమెకు ఇవ్వలేకపోయానన్న బాధ మాత్రం తీరలేదు.

2022 నవంబరు 30న, అడిగింది రాసిపెట్టే కృత్రిమ మేధ చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఉన్నత విద్యలో అనుమానమే ఒక పాఠ్యాంశమైపోయింది. దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో యంత్రం రాతను పసిగట్టే పరికరాన్ని విడుదల చేసి, కచ్చితత్వం చాలదని జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, ఇంగ్లిషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఇలాంటి ఏడు పరికరాలకు ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయవి! ఈ పరికరాలు చాలావరకు చూసేది తర్వాతి పదాన్ని ఎంత సులువుగా ఊహించవచ్చన్నదే. పరాయి భాషలో తప్పు దొర్లకూడదని తెలిసిన మాటలతో జాగ్రత్తగా రాసిన వాళ్లే ముద్దాయిలయ్యారు. ఈ పత్రిక చదివే ఇళ్లలోనూ అలాంటి పిల్లలున్నారు.

యంత్రం చేత రాయించి తెచ్చేవాళ్లు లేరనను. ఉన్నారు, వాళ్లను చూస్తే కోపం కంటే దిగులే ఎక్కువ. రాస్తూ రాస్తూనే కదా తన ఆలోచన ఏమిటో మనిషికి తెలిసేది! కానీ తాను రాసింది ఎవరూ చదవరని నమ్మిన విద్యార్థి ఎందుకు కష్టపడాలి?

లెక్క చూడండి. నూట యాభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడాలంటే ముప్పై ఏడున్నర గంటలు పడుతుంది. ముప్పై మందే ఉంటే ఏడున్నర గంటలు చాలు. గంటల లెక్కన జీతం తీసుకుంటూ, వచ్చే సెమిస్టరుకు పని ఉంటుందో లేదో తెలియని తాత్కాలిక అధ్యాపకులకు ఆ ఏడున్నర గంటలకూ ఎవరూ డబ్బివ్వరు. సాఫ్ట్‌వేర్‌కు పెట్టే ఖర్చును అధ్యాపకుల మీద పెట్టాలని, తరగతులు చిన్నవి కావాలని పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు గట్టిగా అడగాలి. విరాళం ఇచ్చేటప్పుడైనా అడగాలి.

ఇప్పుడు నేను చిత్తుప్రతులకూ మార్కులు వేస్తున్నాను. వ్యాసం ఇచ్చిన ప్రతి ఒక్కరితో ఐదు నిమిషాలైనా మాట్లాడుతున్నాను. అంతకు మించి నా చేతిలో లేదు.

ఆ రోజు ఆమె నోటుపుస్తకం తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "రెండో పేరా గురించి కూడా అడగవచ్చా సార్?" అంది. ఆమె వెనక మరో నలుగురు నిలబడి ఉన్నారు.