మిగిలిన డెక్ బోర్డును చెక్క అనుకోవద్దు

ఇంటి రెనోవేషన్ అయిపోయాక గోడకు ఆనించిన నాలుగైదు కాంపోజిట్ డెక్కింగ్ బోర్డులు (డెక్, అంటే ఇంటి బయట పలకలు పరిచి కట్టే అరుగుకు వాడేవి) చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. మామూలు చెక్క కంటే ఎక్కువ పెట్టి కొన్నవి కాబట్టి పారేయడానికి చేతులు రావు, వాడదామంటే అవేం బోర్డులో గుర్తుండదు. బిల్లు ఎక్కడుందో తెలీదు, ప్యాకింగ్ కవర్ ఎప్పుడో చెత్తలోకి పోయింది. చూడ్డానికి చెక్కలాగే ఉంది కదా అని చివరికి చెక్క పనికే వాడేస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

వీటిలో ఎక్కువ భాగం చెక్క పొట్టు, పాలిథిన్ లాంటి ప్లాస్టిక్ కలిపి అచ్చుపోసినవి. కొన్నింటిలో అసలు చెక్కే ఉండదు, మొత్తం పీవీసీ. తేడా తెలియాలంటే కోసిన చివర చూడాలి. లోపల గోధుమ రంగు, చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పొర వేరే రంగులో కనిపిస్తే అది క్యాప్ వేసిన కాంపోజిట్. లోపలా బయటా ఒకే ముద్దలా ఉండి, ఎండకు వెలిసి బూడిద రంగుకు తిరిగితే క్యాప్ లేని పాత రకం. లోపల తెల్లగా, సన్నని నురుగులా ఉండి చేతికి తేలిగ్గా అనిపిస్తే చాలావరకు పీవీసీ. చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి, నురుగు పీవీసీ తేలుతుంది. దట్టమైన కాంపోజిట్ మామూలుగా మునుగుతుంది. ఆ తర్వాత పక్క అంచు చూడండి. గాడి ఉంటే క్లిప్పులతో బిగించే రకం, లేకపోతే పైనుంచి స్క్రూ దిగాల్సిందే. బోర్డు తిప్పి అడుగున, చివర్లలో ముద్రించిన అక్షరాలు, కోడ్ ఏవైనా ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, రంగు, బ్యాచ్ వెతకడానికి చాలాసార్లు అదొక్కటే ఆధారం.

ఇంత అవసరమా అనిపించొచ్చు. కానీ రకం తెలీకుండా సాండింగ్ చేస్తే, అంటే గరుకు కాగితంతో రుద్దితే, క్యాప్ పొర లేచిపోతుంది, లోపలి భాగం తడికి ఎండకు బయటపడుతుంది. క్యాప్ లేని పాత రకాన్నైతే పైపైన రుద్దొచ్చు. మామూలు చెక్క గమ్ పాలిథిన్‌ను సరిగ్గా పట్టుకోదు, క్యాప్ మీద రంగు కూడా నిలవదు, కాబట్టి స్క్రూలే నమ్మాలి, అది కూడా చివర్ల దగ్గర ముందు రంధ్రం వేసి. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఈ బోర్డు వేడికి పొడవునా సాగుతుంది. 12 అడుగుల బోర్డు చలి ఉదయానికీ మండే మధ్యాహ్నానికీ కొన్ని మిల్లీమీటర్లు మారిపోతుంది, అందుకే రెండు చివర్లా సందు వదలకుండా బిగించకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇది బరువు మోసే దూలం కాదు. డెక్ మీద కూడా సాధారణంగా 16 అంగుళాలకో ఆధారం ఉంటేనే అది నిలబడుతుంది, మెట్ల మీద ఆ దూరం ఇంకా తక్కువ. అందుకని బెంచీ చేస్తే కాళ్లు, ఫ్రేమ్ చెక్కతోనో ఇనుముతోనో చేసి, కూర్చునే పలకలకు మాత్రమే దీన్ని వాడండి. పొడవైన షెల్ఫ్‌గా రెండు చివర్లా ఆనించి వదిలేస్తే కొన్నాళ్లకు మధ్యలో కుంగుతుంది. మొక్కల తొట్టి పక్కలు, మడి అంచులు, తడి ఉండేచోట అడుగు పలకలు, వీటికి భేషుగ్గా పనికొస్తుంది, చెక్కలా త్వరగా కుళ్లదు. బోలు బోర్డైతే కోసిన చివరకు మూత పెట్టాలి, లేకపోతే నీళ్లు నిలుస్తాయి.

నన్నడిగితే, మంచి బోర్డులు రెండు మూడు అసలు ముట్టుకోకుండా అదే డెక్ రిపేరుకు దాచాలి. అదే రంగు, అదే గాడి కొన్నేళ్లకు మార్కెట్లో దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. నిలబెట్టి కాదు, నేలకు కాస్త ఎత్తులో, రెండడుగులకో ఆధారంతో పడుకోబెట్టండి, లేకపోతే వంగిన ఆకారంలోనే ఉండిపోతుంది.

చిన్న ముక్కల్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కాల్చొద్దు. ప్లాస్టిక్ పొగ విషం, పీవీసీ అయితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కోసేటప్పుడు కూడా మాస్క్ పెట్టుకుని, రాలిన పొట్టు మట్టిలో కలవకుండా కింద గుడ్డ పరిచి ఎత్తేయాలి. పొట్టూ ప్లాస్టిక్కూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉండటంతో మామూలు ఇంటి రీసైక్లింగ్ బుట్టలో వీటికి చోటుండదు. వాడేసిన పాలిథిన్‌తో చేశామని చాలా కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. అలాంటప్పుడు బోర్డు అడుగున ఏ ప్లాస్టిక్కో, ఏ ఏడాది తయారైందో చెరిగిపోని అచ్చు వేయడం వాళ్ల బాధ్యతే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. వాళ్లు ఆ పని చేసేదాకా, ఈ వారమే ఒక పర్మనెంట్ మార్కర్ తీసుకుని మీ బోర్డుల అడుగున బ్రాండ్, రంగు పేరు, కొన్న సంవత్సరం రాసిపెట్టండి.