క్లోయీని కాపాడినవాళ్లకు మిగిలింది ఒక ఉత్తరం

లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ వీడియో గేమ్ ఆడినవాళ్లు ఇద్దరు కడప ఏడురోడ్ల దగ్గర టీ కొట్టు ముందు కలిస్తే మొదట వచ్చే మాట ఒకటే: "ఏమబ్బీ, క్లోయీని కాపాడినావా, ఊరినా?" 2015 జనవరి నుంచి అక్టోబరు దాకా ఐదు ఎపిసోడ్లుగా వచ్చిన ఆ గేమ్ చిట్టచివర ఆటగాడి చేతిలో పెట్టిన ప్రశ్న అది. తుఫాను ముంచుకొస్తోంది. కాలాన్ని వెనక్కి తిప్పగల మాక్స్ కాల్‌ఫీల్డ్ తన నేస్తం క్లోయీ ప్రైస్‌ను చావుకు వదిలేస్తే ఆర్కేడియా బే ఊరు నిలుస్తుంది. క్లోయీ కావాలనుకుంటే ఊరు తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ప్రశ్నకు ఎవరు ఏ జవాబిచ్చారన్నది ఇన్నేళ్ల తర్వాత కూడా గొంతు పెంచి వాదించుకునే విషయమే.

మాక్స్‌ను మళ్లీ నాయికగా పెట్టి డెక్ నైన్ సంస్థ తయారుచేసిన సీక్వెల్ డబుల్ ఎక్స్‌పోజర్ 2024 అక్టోబరు 29న విడుదలైంది. రెండు ముగింపులనూ గౌరవిస్తామని ముందే మాట ఇచ్చారు. ఆ మాట ఎక్కడ తప్పిందో చూద్దాం. కథలో మలుపులు కొన్ని బయటపడతాయి, ఇంకా ఆడనివాళ్లు గమనించాలి.

ముందు మొదటి గేమ్ బలం ఎక్కడుందో గుర్తుచేసుకోవాలి. రెండో ఎపిసోడ్‌లో కేట్ మార్ష్ అనే అమ్మాయి హాస్టల్ మేడ అంచున నిలబడి ఉంటుంది. అంతదాకా ఏ తప్పయినా కాలం వెనక్కి తిప్పి దిద్దుకోవచ్చు, ఇక్కడ మాత్రం మాక్స్ శక్తి పనిచేయదు. ఇక ఆధారం మీరు అంతకుముందు ఆమెను ఎంత పట్టించుకున్నారన్నదే. హోటల్లో కూర్చున్నప్పుడు ఆమె ఫోన్ చేస్తే ఎత్తారా? ఆమె గదిలోకి వెళ్లినప్పుడు అక్కడి కాగితాలు చదివారా? చదివి ఉంటే ఆమెకు అండగా నిలిచేది తండ్రి అని, తల్లి పేరు ఎత్తితే పని చెడుతుందని తెలుస్తుంది. ఆమె బైబిల్లోని వచనం అడిగినప్పుడు మత్తయి 11:28 అని చెప్పగలుగుతారు. పట్టించుకోనివాళ్లకు ఆ అమ్మాయి దక్కదు. అరగంట కిందట చూసీ చూడనట్టు దాటేసిన కాగితం ఇప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. గేమ్ తప్ప ఇంకే కళా చేయలేని పని ఇది.

డబుల్ ఎక్స్‌పోజర్‌లో మాక్స్ వెర్మాంట్‌లోని కాలెడన్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రాఫర్. కొత్త నేస్తం సాఫీ హత్యకు గురవుతుంది. ఏళ్ల తరబడి వాడని శక్తిని మాక్స్ మళ్లీ పిలిస్తే కాలం వెనక్కి తిరగదు, సాఫీ బతికున్న ఇంకో లోకానికి దారి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి రెండు లోకాల మధ్య తిరుగుతూ హంతకుణ్ణి వెతకాలి. ఆలోచనగా ఇది మంచిదే. ఒకే గది ఒక లోకంలో క్రిస్మస్ దీపాలతో, ఇంకో లోకంలో చావుకళతో కనిపించడం మనసును పట్టేస్తుంది. మాక్స్‌కు గొంతిచ్చిన హానా టెల్ తిరిగొచ్చారు, ముఖకవళికలు మొదటి గేమ్ కన్నా ఎన్నో రెట్లు మెరుగు. ఇవి కాదనలేం.

అయితే క్లోయీ ఏమైంది? మొదట్లోనే సాఫీతో మాటల మధ్య మొదటి గేమ్‌లో మీ నిర్ణయం ఏమిటో అడిగి ఒక్క జవాబుతో తేల్చేస్తారు. ఊరిని కాపాడామంటే క్లోయీ చనిపోయింది. క్లోయీని కాపాడామంటే ఆమె మాక్స్‌ను విడిచి వెళ్లిపోయింది. ఒక ఉత్తరం, కొన్ని మెసేజ్‌లు. అంతే. ఏ దారిన వచ్చినా ఆమె మనిషిగా ఎదురుపడదు. ఒక ఊరు ఊరంతటినీ బలిపెట్టి దక్కించుకున్న మనిషి తెర వెనకే తగువు పడి వెళ్లిపోయిందంటే, ఆ బలి ఇచ్చినవాడికి ఎలా ఉంటుంది? విడిపోవడం తప్పు కాదు. అంత బరువు మోసిన ఇద్దరు విడిపోవడం నమ్మదగిన సంగతే, రాయగలిగితే గొప్ప కథ కూడా. దాన్ని చూపించకుండా చెప్పి ఊరుకోవడం తప్పు.

దీని వెనక లెక్క ఒకటుంది. అవును-కాదు అనే నిర్ణయాలు పది పెట్టి, ప్రతిదానికీ విడి కథ రాయాలంటే 1,024 దారులు కావాలి. ఏ స్టూడియోకూ అది అయ్యే పని కాదు. అందుకే కథను పెన్న పాయలుగా చీలి మళ్లీ కలిసినట్టు నడుపుతారు. కొద్దిదూరం వేరుగా పోనిచ్చి, ముఖ్య ఘట్టం దగ్గర అందరినీ ఒకచోటికి తెస్తారు. తేడాలన్నీ మాటల్లో, చిన్న దృశ్యాల్లో మిగులుతాయి. మొదటి గేమ్ కూడా ఇలా రాసిందే. కానీ సీక్వెల్ మొదలయ్యేది పాయలు పూర్తిగా విడిపోయిన చోట. ఒకవైపు బతికున్న మనిషి, ఇంకోవైపు శవం. రెండూ ఒకే కథలో ఇమడాలంటే బతికున్న మనిషిని కూడా కథలోంచి తప్పించడమే చౌకైన మార్గం. ఇక్కడ జరిగింది అదే. నటీనటుల గొంతులు, ముఖాల చిత్రీకరణ రెండింతలు చేయాల్సిన ఖర్చు తప్పింది. ఆ ఖర్చు ఆటగాడి నెత్తిన పడింది.

వేరే దారి లేదా అంటే, ఈ సిరీస్‌లోనే ఉంది. తొలి గేమ్ చేసిన డోంట్‌నాడ్ సంస్థే 2018-19లో తెచ్చిన లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ 2 మాక్స్ జోలికి పోకుండా షాన్, డానియెల్ డియాజ్ అనే అన్నదమ్ములను తీసుకుంది. దొంగతనం చేయనిచ్చారా, ఎదుటివాణ్ణి దెబ్బ తీయనిచ్చారా అన్నదాన్ని బట్టి తమ్ముడి స్వభావం మారుతుంది. చివర అన్న ఒక నిర్ణయం తీసుకుంటే, తమ్ముడు ఎలా పెరిగాడన్నది దాన్ని ఒప్పుకుంటుంది లేదా తోసిపుచ్చుతుంది. అలా ముగింపులు నాలుగు, ఒక్కోదాని వెనకా మీరు గంటల తరబడి నేర్పిన గుణం.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఈనాటికీ బతికుంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భారతం ఆడితే ఏం జరుగుతుందో చూసేవాళ్లందరికీ తెలుసు. సభలో భీముడు తొడ విరగ్గొడతానని శపథం పట్టినప్పటి నుంచి గదాయుద్ధం దాకా కళ్లు కాయలు కాచేలా కూర్చునేది ఆ మాట ఎలా తీరుతుందో చూడ్డానికే. ఆ ఘట్టం వచ్చేసరికి భీముడి బొమ్మ తెర మీదికే రాకుండా, తొడ విరిగిందని ఎవరో చెప్పి వెళ్లిపోతే జనం చాప చుట్టుకుని లేచిపోతారు. ఆటగాడి నిర్ణయమూ శపథం లాంటిదే. డబుల్ ఎక్స్‌పోజర్ తన సొంత నిర్ణయాన్నయినా నిలబెట్టుకోలేదు. చివర సాఫీకి తోడు నిలుస్తారా, కాదంటారా అని అడుగుతుంది. ఏదన్నా ఆమె వెళ్లిపోతుంది, మాక్స్ మళ్లీ వస్తుందని తెర మీద అక్షరాలు పడతాయి. ఎదురైన గాయాన్ని పక్కనబెట్టి తర్వాతి గేమ్‌కు దారి వేసుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది.

అమ్మిన పద్ధతీ బాగాలేదు. విడుదలప్పుడు మామూలు ఎడిషన్ 50 డాలర్ల దరిదాపు, అల్టిమేట్ ఎడిషన్ 80. ఎక్కువ కట్టినవాళ్లకు మొదటి రెండు అధ్యాయాలు రెండు వారాల ముందే ఇచ్చారు. హంతకుడెవరన్నదే ఆయువుపట్టైన కథలో ఇలా చేస్తే, మిగతావాళ్లు పక్షం రోజులు ఫోన్ తెరవాలంటేనే భయపడాలి.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లు కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో తీసుకోవడం మేలు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. క్లోయీ సంగతి అంతకు చాలా ముందే తేలిపోతుంది. ఆ మాటలు అయ్యాక బయటికొచ్చి, ఆడిన సమయం చూసుకుని నిర్ణయించుకోండి. గంటల లెక్కన అద్దెకిచ్చే గేమింగ్ సెంటర్లలో ఈ రకం గేమ్ మొదలుపెట్టొద్దు. గేమ్ తనంతట తానే దాచుకునే ఆటోసేవ్ మీద ఇంకొకరు ఆడేస్తే మీ నిర్ణయాలన్నీ పోతాయి.

సిరీస్‌కే కొత్తయితే తొలి గేమ్ మొదటి ఎపిసోడ్ 2016 నుంచి ఉచితం. ఆ గేమ్ పూర్తయ్యాక లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ 2కు వెళ్లండి. దాని ఐదో ఎపిసోడ్‌లో, అరిజోనా ఎడారిలో క్లోయీ మారుతండ్రి డేవిడ్ ఎదురవుతాడు. ఆమెను కాపాడినవాళ్ల ఆటలో అతను ఆమెతో ఫోన్‌లో మాట్లాడతాడు, అతని దగ్గరున్న ఫొటోలో ఆమె మాక్స్ పక్కన కనిపిస్తుంది. అక్కడ కాసేపు ఏ బటనూ నొక్కకుండా నిలబడండి.