సలహా లేని కౌన్సెలింగ్

ఇంటర్మీడియట్ పూర్తయిన పిల్లలకు సీట్లు పంచే తంతుకు మన రెండు రాష్ట్రాల్లో కౌన్సెలింగ్ అని పేరు. కూర్చోబెట్టి మంచీచెడూ చెప్పడమని ఆ మాటకు అర్థం. ఇప్పుడు జరుగుతున్నదాంట్లో కూర్చోబెట్టేవారూ లేరు, చెప్పేవారూ లేరు. ఒకప్పుడు తండ్రీబిడ్డలు బస్సెక్కి కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లి, తెర మీద ఖాళీలు చూసుకుని, ఎదుట కూర్చున్న అధ్యాపకుణ్ని ‘ఈ కాలేజీ ఎట్లా ఉంటుంది సార్’ అని బెరుకుబెరుగ్గానైనా అడిగేవారు. సీట్ల పంపిణీని ఆన్‌లైన్ చేసి ఆ ప్రయాణ ప్రయాసను తప్పించడం ప్రభుత్వాలు చేసిన మంచి పనే. అయితే, ఆ ప్రశ్న అడగడానికి ఉన్న ఒక్క చోటూ దాంతోపాటే పోయింది. దాని స్థానంలో ఏం పెట్టాలన్న ఆలోచన ఇన్నేళ్లలో అధికార యంత్రాంగానికి రాలేదు.

ఆ ఖాళీలోకి నెట్ సెంటర్ వచ్చి చేరింది. వెబ్ ఆప్షన్ల (కోరుకున్న కాలేజీ, బ్రాంచిల వరసను ఆన్‌లైన్‌లో నమోదు చేయడం) గడువు ముగిసే రోజు సాయంత్రం ఏ మండల కేంద్రంలోనైనా బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్ ముందు పది నిమిషాలు నిలబడితే సంగతి అర్థమవుతుంది. పదో తరగతి మెమో, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకన పెట్టుకున్న తండ్రి, పక్కన కూతురు, వారి వెనక మరో అయిదారుగురు. కంప్యూటర్ ముందున్న కుర్రాడు కాలేజీ కోడ్ల కాగితాన్ని గోడకు అంటించుకున్నాడు. ‘సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పెట్టేయమంటారా’ అని అడుగుతాడు. తండ్రి కూతురి వంక చూస్తాడు, కూతురు తండ్రి వంక చూస్తుంది. పావుగంటలో నలభై ఆప్షన్లు నమోదై, ఖరారై, ప్రింటు చేతికొస్తుంది. ఆ కుర్రాణ్ని తప్పుపట్టలేం, వెనక వరస అలా ఉంది మరి. దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు కూడా తరచూ అతనిదే అవుతోంది కాబట్టి, తరవాతి విడత సమాచారం, ఓటీపీ ఆ అమ్మాయికి కాక అతనికే వెళ్తాయి. అప్పటికి అతని ఫోన్లో అలాంటివి వందల్లో ఉంటాయి.

ఆ పావుగంటలో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా ఖరీదైనది ఆప్షన్ల వరస. ‘పెద్ద కాలేజీని ముందు పెడితే చిన్నదానిలో వచ్చే సీటు కూడా పోతుంది’ అన్న అపోహ ఊరూరా ఉంది. నిజానికి సీట్ల కేటాయింపు ర్యాంకు క్రమంలో సాగుతుంది. విద్యార్థి వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ అతని మొదటి ఆప్షన్ చూస్తుంది, అక్కడ ఖాళీ లేకపోతే రెండోది, ఆ తరవాత మూడోది. అందని కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్న సీటు ఎక్కడికీ పోదు. పొరపాటున కింది కాలేజీని పైన పెడితే మాత్రం, మంచి కాలేజీలో సీటు ఖాళీగా ఉన్నా అక్కడిదాకా లెక్క వెళ్లదు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 38 వేల ర్యాంకు వచ్చిన అమ్మాయి తన సామాజిక వర్గంలో, తన స్థానిక ప్రాంతంలో, బాలికల కోటాలో నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎంత ర్యాంకు దాకా సీటు దక్కిందో చూసుకుని ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఆ చివరి ర్యాంకుల పట్టికలను అధికారులే బయటపెడతారు. చదవడం నేర్పితే అరగంటలో అర్థమయ్యే పట్టిక అది. నేర్పేవారు లేకనే అదొక మార్మిక విద్యగా మారి, దాని మీద కన్సల్టెన్సీలు వేలల్లో ఫీజులు గుంజుతున్నాయి. మరో చిక్కు తరవాతి విడతల్లో వస్తుంది. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుందని తెలియక, ‘ఊరికే పెట్టి చూద్దాం’ అని ఆప్షన్లు ఇచ్చి, చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకుని లబోదిబోమనే కుటుంబాలు ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

అసలు దారి తప్పడం ఇంటర్ తరవాత కాదు, పదో తరగతిలోనే మొదలవుతోంది. పబ్లిక్ పరీక్షలు ఇంకా మొదలుకాకముందే కార్పొరేట్ కళాశాలల పీఆర్వోలు ఇళ్ల తలుపులు తడతారు. ఫలితాలకు ముందు ప్రవేశాలు చేపట్టరాదని ఇంటర్ బోర్డులు హెచ్చరించడం, ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోకపోవడం రెండూ ఆనవాయితీ అయ్యాయి. ఆ పీఆర్వోల్లో చాలామంది సెలవుల్లో ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్లు మోస్తున్న అధ్యాపకులే. వారు చెప్పేది ఎంపీసీ లేదా బైపీసీ. ఎంఈసీ (గణితం, ఆర్థికం, కామర్స్) అంటే ఏమిటో, హెచ్‌ఈసీ (చరిత్ర, ఆర్థికం, సివిక్స్) చదివినవారు ఎక్కడికి వెళ్లవచ్చో వారు చెప్పరు, ఎందుకంటే వారి దగ్గర ఆ సరుకు లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరడం, 2008లో ఏర్పాటైన ఆర్జీయూకేటీలో (జనం ట్రిపుల్ ఐటీ అని పిలిచేది) పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సులో చేరడం వంటి దారులూ ఉన్నాయి. ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఇచ్చే ఆర్జీయూకేటీ విషయం ప్రధానోపాధ్యాయుడు పిలిచి చెప్పి, దగ్గరుండి దరఖాస్తు చేయించిన చోట పిల్లలు వెళ్తున్నారు. చెప్పని చోట ఆ పేరు ఫలితాలయ్యాక పత్రికల్లో చూస్తున్నారు.

ఇంటర్‌లో చేరాక తేదీల బెడద మొదలవుతుంది. జాతీయ స్థాయి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలోనే ఉంటుంది, దరఖాస్తు గడువు అంతకుముందే ముగుస్తుంది. ఏ గ్రూపు చదివినా రాయదగిన న్యాయవిద్య ప్రవేశ పరీక్ష క్లాట్ డిసెంబరులో జరుగుతోంది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం మన గడపలోనే ఉన్నా, వాటిలో చేరాలంటే ద్వితీయ సంవత్సరం సగంలో ఉండగానే దరఖాస్తు చేయాలని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సీఈసీ (సివిక్స్, ఆర్థికం, కామర్స్) చదివే విద్యార్థికి ఎవరు చెబుతున్నారు? సైన్సు చదువుల కేంద్ర సంస్థ అయిన తిరుపతి ఐసర్‌కు వేరే పరీక్ష, 2022లో మొదలైన ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు వేరే దారి, డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో ముగించే కోర్సుకు ఎన్‌సీఈటీ అనే మరో పరీక్ష. ఇవన్నీ మార్చి పరీక్షలయ్యాక ఆలోచించుకుందామంటే కుదిరేవి కావు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణ దాన్ని ఎత్తేసింది. సరిహద్దు మండలాల పిల్లలకు ఈ తేడా కూడా విడమరచి చెప్పాల్సిందే.

ధ్రువపత్రాల సంగతి మరీ దయనీయం. రాష్ట్రంలో చెల్లే బీసీ ధ్రువపత్రం ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు చెల్లదు. దానికి కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తరవాత గానీ జారీ చేసిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (సంపన్న శ్రేణికి చెందరన్న ధ్రువీకరణ) కావాలి. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదన్నది మరో మెలిక. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016లో తెచ్చిన ‘దోస్త్’లో నమోదు కావాలంటే ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు ఉండాలి. ఆ నంబరున్న ఫోన్ వలస వెళ్లిన తండ్రి జేబులో ముంబయిలోనో సూరత్‌లోనో ఉంటుంది. జూన్‌లో తహసీల్దారు కార్యాలయం ముందు బారులు తీరే బదులు ఆధార్ పని సంక్రాంతి సెలవుల్లోనే, ఓబీసీ పత్రం పని ఏప్రిల్ మొదట్లోనే చక్కబెట్టుకోవచ్చు, ముందుగా చెబితే.

ఉచిత ఈఏపీసెట్ శిక్షణ ఇస్తున్నాం కదా అని ప్రభుత్వాలు అనవచ్చు. శిక్షణ వేరు, దారి చూపడం వేరు. పరీక్షలో మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి కూడా ఏ కాలేజీ మంచిదో తెలుసుకునే పద్ధతి తెలియాలి. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి ఏఐసీటీఈ అనుమతి ఉన్న ప్రతి కళాశాల తన అధ్యాపకుల పేర్లు, అర్హతలు, ఫీజుల వివరాలను వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన ఉంది. ఆ జాబితా తెరిచి చూడడం, వీలైతే ఒక పూట వెళ్లి హాస్టల్లో ఉన్న సీనియర్లను భోజనం, బస్సు ఛార్జీలు, ల్యాబ్ తాళం ఎన్నిసార్లు తీస్తారన్న విషయం అడగడం బస్టాండు హోర్డింగుల మీది ప్యాకేజీల అంకెల కన్నా నమ్మదగిన మార్గం. కన్వీనర్ కోటా (ర్యాంకు ద్వారా ప్రభుత్వం కేటాయించే సీటు) ఫీజు ఎంత, అందులో ప్రభుత్వం కట్టే రీయింబర్స్‌మెంట్ ఎంత, మిగిలింది ఎవరు కట్టాలి అన్న లెక్క చేరకముందే తెలియాలి. ప్రభుత్వం నుంచి ఆ రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల కాలేదంటూ చదువు ముగిశాక సర్టిఫికెట్లు బిగబట్టే యాజమాన్యాలున్నాయి కాబట్టి ఈ లెక్క మరీ అవసరం. కేంద్రం 2024లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన సంస్థల్లో చేరేవారికి హామీ లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల రూపాయల లోపు ఉంటే 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. ఫీజు కోసం అరెకరం అమ్మకానికి పెట్టిన తరవాత ఈ సంగతి తెలిసి లాభం లేదు.

పరిష్కారానికి కోట్ల ఖర్చు అక్కర్లేదు. సీబీఎస్‌ఈ తన అనుబంధ పాఠశాలల్లో కౌన్సెలర్ ఉండాలని నిబంధన పెట్టింది. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో, గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఈ పనికంటూ ఒకరు కనిపించడం అరుదు. ప్రతి కళాశాలలో ఆసక్తి ఉన్న ఒక అధ్యాపకుణ్ని ఎంచుకుని, వారం రోజులు శిక్షణనిచ్చి, బోధన గంటల్లో మినహాయింపునిచ్చి ఈ పని అప్పగించాలి. మినహాయింపు లేకుండా అప్పగిస్తే అది ఎన్నికల విధులు, సర్వేల పక్కన మరో భారమై మూలనపడుతుంది. ప్రథమ సంవత్సరం నుంచే వారానికి ఒక పీరియడ్ కేటాయించి, విద్యార్థుల సొంత ఈమెయిల్, సొంత నంబరుతోనే దరఖాస్తులు చేయించాలి. ఆప్షన్ల గడువు నడిచే రోజుల్లో ప్రభుత్వ కళాశాలల కంప్యూటర్ గదులు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచి, నిరుడు సీట్లు పొంది ఇంజినీరింగ్, డిగ్రీ చదువుతున్న పూర్వ విద్యార్థులకు కొంత భృతి ఇచ్చి కూర్చోబెడితే, నెట్ సెంటర్ ముందు కనిపించే ఆ వరస సగమైనా అక్కడికి మళ్లుతుంది. తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు, ఉన్నత విద్యామండళ్లు కలిసి కూర్చుని, వచ్చే విద్యాసంవత్సరం టైంటేబుల్ ఖరారయ్యేలోగా ఈ మేరకు ఉత్తర్వులివ్వాలి. ఆ ఒక్క పీరియడ్‌కు టైంటేబుల్‌లో చోటు లేదని ప్రిన్సిపాళ్లు చెప్పబోయే సాకుకు జవాబు కూడా ఆ ఉత్తర్వుల్లోనే రాసి పంపడం మేలు.