మూకుడులో విదేశాంగ విధానం

2020 జనవరిలో కేంద్రం ఒక చిన్న నోటిఫికేషన్ ఇచ్చింది. శుద్ధి చేసిన పామాయిల్‌ను ఇష్టమొచ్చినట్టు దిగుమతి చేసుకోవడం కుదరదు, పరిమితులు ఉంటాయి అన్నది దాని సారాంశం. మనకు ఆ నూనె అమ్మే మలేసియా పేరు అందులో ఎక్కడా లేదు. అయినా తగలాల్సిన చోటే తగిలింది. అంతకు మూడు నెలల ముందు ఐక్యరాజ్యసమితిలో కశ్మీర్ మీద నోరు పారేసుకున్న మలేసియా ప్రధాని మహతీర్ మహమ్మద్, బదులు తీర్చుకోవడానికి తమది మరీ చిన్న దేశమని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో ఆయన గద్దె దిగారు (అది వాళ్ల ఇంటి గొడవ, మన నూనె ప్రతాపం కాదు). మే నెల వచ్చేసరికి మలేసియా మన దగ్గర రికార్డు స్థాయిలో లక్ష టన్నుల బియ్యం కొనడానికి సంతకాలు చేసింది. ఏడాదిన్నర తిరక్కుండానే మనం ఆ పరిమితులూ ఎత్తేశాం.

అప్పట్లో మన టీవీ చర్చల్లో దీన్ని గొప్ప విజయంగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అది చేజార్చుకున్న అవకాశంలా కనిపిస్తుంది. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికన్నా ఎక్కువగా బయటి నుంచి కొనేది మనమే. అంత పెద్ద బేరగాడికి ఉన్న బలం ఏపాటిదో ఆ నాలుగు నెలల్లో తేలిపోయింది. కానీ ఆ బలాన్ని మనం అలిగినప్పుడు వాడామే తప్ప అవసరానికి వాడలేదు. ఏలూరు జిల్లాలోనో, అశ్వారావుపేట చుట్టుపక్కలో ఆయిల్‌పామ్ వేసుకున్న రైతు కోసం ఒక్కసారి కూడా వాడలేదు.

అవతలివాళ్లు ఎలా వాడుకుంటారో చూడండి. ఇండోనేసియా 2022 ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. తమ జనానికి వంటనూనె అందడం లేదన్నది వాళ్ల కారణం. మిత్రదేశమా, పెద్ద కొనుగోలుదారా అని చూడలేదు. మే 23న మళ్లీ గేట్లు తెరిచింది. ఆ వారాల్లో ఇక్కడ కిరాణా కొట్లలో ప్యాకెట్ ధర అందరికీ గుర్తుండే ఉంటుంది. ఇండోనేసియాది నిలకడగా సాగుతున్న పద్ధతి. ముడి నూనె బయటకు పోతే ఎక్కువ పన్ను, శుద్ధి చేసి పంపితే తక్కువ. అంటే ఫ్యాక్టరీ వాళ్ల దగ్గరే ఉండాలి, కూలి వాళ్లకే దక్కాలి, మనకు సీసా మాత్రం రావాలి. నికెల్ ఖనిజం విషయంలోనూ 2020 నుంచి అదే పట్టు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐరోపా గెలిచినా ఇండోనేసియా అప్పీలుకు వెళ్లింది గానీ వెనక్కి తగ్గలేదు. వాళ్లకు విదేశాంగ శాఖ, పరిశ్రమల శాఖ వేర్వేరు ఇళ్లు కావు.

మన సంగతి? 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. రైతులు హమ్మయ్య అనుకున్నారు. 2025 మే ఆఖరుకల్లా అది 16.5 శాతానికి దిగింది. ఆయిల్‌పామ్ మొక్క కాపుకు రావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఆ తర్వాత పాతికేళ్లపైన కాస్తుంది. పాతికేళ్ల పంట పెట్టమని రైతుకు చెప్పేవాళ్లు, తొమ్మిది నెలలు కూడా ఒక మాట మీద నిలబడలేకపోయారు. ఇది వరి కాదు, ధర బాగోలేకపోతే వచ్చే సీజన్లో మినుము వేసుకుందామనడానికి. పైగా గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పోతుంది. గోదాములో దాచుకుని ధర కోసం ఎదురుచూసే వీలే లేదు. 2022లో టన్ను గెలలకు 20 వేలు దాటిన ధర, మరుసటి ఏడాది 13 వేల దరిదాపులకు పడిపోయింది. తోటలో తప్పేమీ జరగలేదు. ధర తయారయ్యేది కౌలాలంపూర్ మార్కెట్లో, ఢిల్లీ సుంకాల పట్టికలో. 2021లో 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించిన ప్రభుత్వమూ, సుంకం దించిన ప్రభుత్వమూ ఒక్కటే కావడం ఇందులో వింత.

సుంకం పెంచితే సామాన్యుడి మూకుడు వేడెక్కదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2024 పండుగల ముందు ధరలు పెరిగిన మాటా నిజమే. పేదవాడికి నూనె భారం కాకూడదంటే రేషన్ షాపు ఉంది. పేదవాడి పేరు చెప్పి బిస్కెట్ల కంపెనీలకూ సబ్బుల కంపెనీలకూ చౌక నూనె అందిస్తూ, ఆ తగ్గింపును గెలలు కోసే రైతు చేత కట్టించడం ఏం లెక్క?

అసలు జబ్బు ఇంకా లోతున ఉంది. ఆగ్నేయాసియా దేశాలతో, పరస్పరం సుంకాలు తగ్గించుకునే సరుకుల వాణిజ్య ఒప్పందం మీద 2009లో సంతకం పెట్టినప్పుడు కేరళ గగ్గోలు పెట్టింది. రబ్బరు, మిరియాలు, కొబ్బరి దెబ్బతింటాయని ఆ ఏడాది గాంధీ జయంతినాడు రాష్ట్రం పొడవునా మానవహారం కట్టారు. ఒప్పందం మారలేదు. ఎందుకు మారుతుంది? రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది, విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. 253వ అధికరణం కింద ఒప్పందం అమలుకు పార్లమెంటు ఏ అంశం మీదైనా చట్టం చేయొచ్చు. పంట మనది, సంతకం వాళ్లది. నష్టపోయిన రైతు ధర్నా చేసేది మాత్రం జిల్లా కలెక్టరేట్ ముందు! ఆయన ఎవరికి చెప్పుకుంటాడు, వాణిజ్య శాఖకా?

దేశంలో తయారయ్యే పామాయిల్‌లో సింహభాగం రెండు తెలుగు రాష్ట్రాలదే. ఆ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉన్నది కూడా ఏలూరు జిల్లా పెదవేగిలోనే. అయినా సుంకం పెంచేటప్పుడూ, దించేటప్పుడూ అమరావతికీ హైదరాబాద్‌కూ కబురు అందేది రాత్రి వెలువడే గెజిట్ ద్వారానే. మన ఎంపీలు పార్టీలకతీతంగా ఢిల్లీలో పోలవరం గురించి, విభజన హామీల గురించి అడుగుతారు, అడగాల్సిందే. వాణిజ్య ఒప్పందాల గురించి మాత్రం ఏ పార్టీ ఎంపీకీ టెన్షన్ ఉన్నట్టు కనిపించదు. రొయ్యకైనా మిర్చికైనా ఇదే గతి. అమెరికా సుంకం వేసినప్పుడు భీమవరం ఉలిక్కిపడుతుంది. అంతకుముందు బేరం జరుగుతున్నప్పుడు భీమవరాన్ని ఎవరూ ఏమీ అడగరు.

రాష్ట్రాలను కూర్చోబెడితే దేశం ఒక్క గొంతుతో మాట్లాడలేదన్నది ఢిల్లీ అధికారుల వాదన. కెనడా, ఐరోపాతో ఒప్పందం మాట్లాడుకున్నప్పుడు తన రాష్ట్రాల ప్రతినిధులను బేరంలో భాగం చేసుకుంది. అదే ఒప్పందాన్ని 2016 అక్టోబరులో బెల్జియంలోని వల్లోనియా అనే ప్రాంతపు శాసనసభ కొన్ని రోజులపాటు నిలబెట్టేసింది. తమ రైతుల సంగతి తేల్చందే సంతకం లేదంది. ఐరోపా మొత్తం ఆగి, హామీలు రాసిచ్చాకే ఆ నెల 30న సంతకాలు జరిగాయి. వల్లోనియా జనాభా దాదాపు 36 లక్షలు. 2011 లెక్కల్లో మన పాత పశ్చిమ గోదావరి జిల్లా జనాభా 39 లక్షలు.