ఉప్పు గారికి ఒక అసమ్మతి లేఖ

మహారాజశ్రీ ఉప్పు గారికి,

మీరు లేని వంటిల్లు లేదు. ఎవరినైనా నిలదీయాలంటే ‘ఉప్పూ కారం తినడం లేదా’ అంటాం, విశ్వాసం గుర్తు చేయాలన్నా మీ పేరే ఎత్తుతాం. తెల్లవాళ్లు మీ మీద పన్ను వేశారని 1930లో గాంధీజీ దండి దాకా నడిచారు. ఇప్పుడు మీరే మా రక్తనాళాల దగ్గర పన్ను వసూలు చేస్తుంటే మేము నోరు మెదపడం లేదు. నోట్లో ఆవకాయ ముక్క ఉంది మరి.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 5 గ్రాములకు మించి మిమ్మల్ని తినవద్దంది. ప్రపంచ ఆరోగ్య సంస్థదీ అదే మాట. అంటే సుమారు ఒక చిన్న చెంచాడు, అదీ గోపురం కట్టకుండా గీసి కొలిస్తే. ఉదయం ఉప్మా మొదలు రాత్రి పెరుగన్నం దాకా అన్నింటికీ కలిపి అంతే.

పెళ్లి భోజనంలో విస్తరి మూలన చిటికెడు పోసి వెళతారే, ఆ ఉప్పు పాపం నిజాయతీపరురాలు. ఎదురుగా కూర్చుంటుంది, ఎవరూ ముట్టుకోరు. అసలు మీరు వచ్చేది మారుపేర్లతో. అప్పడంగా వస్తారు, గుమ్మడి వడియంగా వస్తారు, బ్రెడ్డులో తియ్యగా నక్కి వస్తారు. ఎండిన మజ్జిగ మిరపకాయను వెలుతురులో తిప్పి చూస్తే ముడతల నిండా తెల్లగా మెరుస్తూ మీరే. ‘నేను ఉప్పు చాలా తక్కువండీ’ అని వైద్యుడికి చెప్పే పెద్దమనిషి పప్పులో తగ్గించిన మాట వాస్తవమే. చప్పటి పప్పు దిగడానికి మూడు ముక్కలు నంజుకుంటాడు.

మీ పనితీరు మహా గడుసుది. మీలోని సోడియం ఎక్కువైతే దాన్ని పలుచన చేయడానికి ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది. నాళాల్లో పారేది పెరుగుతుంది, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే నాళాలు బిరుసెక్కుతాయి, గుండె కండరం మందమవుతుంది. చాలామందికి ఇంత జరుగుతున్నా తలనొప్పి కూడా రాదు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేదాకా మీ దొంగతనం బయటపడదు.

అందరి మీదా మీ ప్రతాపం ఒకేలా ఉండదని ఒప్పుకుంటాను. మీ వకీళ్లకు అదే ఊతం. ‘మా పెదనాన్న ఎనభై ఏళ్లు ఊరగాయతోనే బతికాడు’ అంటారు. యాభై దాటగానే పక్షవాతంతో పడిపోయిన బాబాయి గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇక మీ గులాబీ రంగు చుట్టం. హిమాలయాల పేరు చెప్పుకుని ఎన్నో రెట్లు ధర పలుకుతోంది. పొట్లం విప్పితే అదీ సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. రంగు మారినంత మాత్రాన బీపీ భయపడుతుందా?

మీకు పోటీ కూడా వచ్చింది. చైనా పల్లెల్లో సుమారు 21 వేల మందిపై ఒక పరిశోధన చేశారు. పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ ఉన్న పెద్దవాళ్లు వాళ్లంతా. సగం పల్లెలకు మీలో నాలుగో వంతు తీసేసి పొటాషియం క్లోరైడ్ కలిపి ఇచ్చారు. 2021లో ఫలితాలు వస్తే, మిగతా సగంతో పోలిస్తే అక్కడ పక్షవాతం 14 శాతం తగ్గింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ మార్పు ప్రమాదం, వాళ్లు వైద్యుణ్ణి అడగకుండా జోలికి పోకూడదు. మిగతావాళ్లం మాత్రం మీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసే ఆలోచనలో ఉన్నాం.

ఆవకాయ జాడీ విషయంలో మాత్రం మీదే పైచేయి. కారం, ఆవపిండితో ఇంచుమించు సమపాళ్లలో మీరు పడకపోతే అది నెల తిరక్కుండా బూజు పడుతుందని మా అత్తయ్య గారి వాదన, కాదనలేను. కాబట్టి జాడీలో మీ వాటా మీదే. ముద్దకో ముక్క అన్న పాత ఒప్పందాన్ని మాత్రం ఈరోజుతో రద్దు చేస్తున్నాం, ఇకపై పూటకొకటి. అప్పడాల సంగతి వచ్చే లేఖలో.

ఇట్లు,
రోజూ బీపీ మాత్ర మింగే
మీ విధేయుడు